తోక దగ్గరి గాలి

నేను పుట్టు భయస్తురాలిని. బస్సెక్కితే బ్రేకులు పడతాయో లేదో అని డ్రైవరు కాలి వంక చూస్తూ కూర్చునే రకం. పరీక్ష బాగా రాసినా హాల్‌టికెట్ నంబరు తప్పు వేశానేమోనని రిజల్ట్స్ వచ్చేదాకా అన్నం సయించేది కాదు. ఇలాంటిదాన్ని విమానాల చదువుకి ఎవరు పంపారని మా బంధువులు ఆశ్చర్యపోయేవాళ్లు. ఎవరూ పంపలేదు, నేనే పట్టుబట్టి వెళ్లాను. భయపడేవాళ్లే ప్రతిదీ సరిచూసుకుంటారని, విమానాల పనికి అలాంటివాళ్లే కావాలని నేను వాదించేదాన్ని. ఆ వాదన ఎంత నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఒక్క ఏడాది మాత్రం ఆ భయం నన్ను నిలువునా తినేసింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. నేను హైదరాబాదులో ఎం.టెక్ చదువుతున్నాను. నాన్నది జగ్గయ్యపేటలో కిరాణా హోల్‌సేల్ వ్యాపారం. బాబాయికి నందిగామలో హైవే పక్కన ఒక షెడ్డు ఉండేది. స్ప్రేయర్లు, నీళ్ల మోటార్లు, వడ్లు తూర్పారబట్టే పెద్ద ఫ్యాన్లు అక్కడ రిపేరు చేసి అమ్మేవాడు. మా ఇంట్లో విమానం ఎక్కినవాళ్లు ఎవరూ లేరు. నేను తీసుకున్న ప్రాజెక్టు మాత్రం విమానాలకి ఇంధనం ఆదా చెయ్యడం గురించి.

విమానం ముందుకి పోతుంటే దాని ఒంటిని రాసుకుంటూ వెళ్లే పలచటి గాలి పొర ఒకటి ఉంటుంది. రాపిడి వల్ల ఆ పొర వేగం పోగొట్టుకుని నీరసపడుతుంది. దాన్ని బౌండరీ లేయర్ అంటారు. మామూలుగా ఇంజన్లని రెక్కల కింద, ఒంటికి దూరంగా, తాజా గాలి తగిలేచోట పెడతారు. నీరసపడ్డ గాలి తోక వెనక వృథాగా పోతుంది. అలా పోనివ్వకుండా, తోక దగ్గరే ఒక ఫ్యాను పెట్టి ఆ గాలినే మింగించి, మళ్లీ వేగం అందించి వదిలితే, అంతే తోపుడు బలం తక్కువ ఇంధనంతో వస్తుంది. ఆగిపోయిన ఆటోని తొయ్యాలంటే కాళ్లు నేలకి తన్నిపెట్టి తోస్తాం, తోసినదంతా దానికి చేరుతుంది. పరుగెత్తుతున్న ఆటోని తొయ్యాలంటే మన శక్తంతా ముందు దాన్ని అందుకోవడానికే సరిపోతుంది. గాలితోనూ అంతే. నెమ్మదిగా ఉన్న గాలిని తొయ్యడం చవక.

ఇదంతా అమ్మకి చెప్పాను. మా ఇంట్లో ఎంగిలి పట్టింపు ఎక్కువ. గ్లాసు పెదవికి తగిలితే కడిగేదాకా ఇంకొకరు ముట్టరు. అమ్మ చింతపండు పిక్కలు తీస్తూ ఓపిగ్గా విని, "అంటే ఒంటికి తగిలిన గాలినే మళ్లీ తింటుందా ఆ ఫ్యాను? ఎంగిలి గాలన్నమాట. శుభ్రమైన గాలి ఎదురుగా ఉండగా అదేం ఖర్మ దానికి?" అంది. నేను పడి పడి నవ్వాను. అప్పట్నుంచీ ఇంట్లో అందరికీ అది ఎంగిలి గాలే అయిపోయింది. ఎంగిలి గాలి ఎంతవరకొచ్చిందని బాబాయి ఫోనులో అడిగేవాడు.

కాలేజీలో విండ్ టన్నెల్ ఉండేది. గాలిని సొరంగంలాంటి పెట్టెలో సమంగా పారించి, అందులో నమూనాలు పెట్టి చూసే ఏర్పాటు అది. ఎప్పుడు చూసినా సీనియర్ల చేతుల్లోనే ఉండేది. నా వంతు వచ్చేలోపు చదువే అయిపోతుందేమోనని బెంగ పట్టుకుంది. నా ప్రాజెక్టు గైడు కోపిష్టి కాదు గానీ మాట పొదుపు మనిషి. ముందు ఎక్కడో ఒకచోట చేసి చూపించమని, పనికొచ్చేట్టు ఉంటే కాలేజీ టన్నెల్ ఇప్పిస్తానని అన్నారు. ఎక్కడో ఒకచోట అంటే నాకు తోచింది బాబాయి షెడ్డే.

వత్సవాయి రైతెవరో రిపేరుకిచ్చి మళ్లీ రాకపోతే మూలన పడున్న తూర్పారబట్టే ఫ్యాను ఒకటి అక్కడ ఉంది. దానికి మోటారు బిగించాం. ముందు ప్లైవుడ్డుతో పొడుగాటి పెట్టె కట్టించాం. ఫ్యాను గాలి సుడులు తిరుగుతూ వస్తుంది కాబట్టి దాన్ని సరిచెయ్యడానికి కూల్‌డ్రింక్ స్ట్రాలు వరసలుగా పేర్చి, అంటించి, పెట్టెకి అడ్డంగా జల్లెడలా బిగించాను. స్ట్రాలు నాన్న కొట్లోవి. ఇవి తర్వాత మళ్లీ అమ్ముకోవచ్చా అని నాన్న అడగబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు.

మంచం కోళ్లు తిప్పే వడ్రంగి చేత టేకు కొయ్యని లేతు మీద తిప్పించి నమూనా చేయించాను. సొరకాయలా పొడుగ్గా, గుండ్రంగా, వెనక వైపు సన్నబడుతూ ఉండేది. రెక్కలు లేవు. లోపల తొలిచి బ్యాటరీ మోటారు పెట్టి, తోక చివర చిన్న ఫ్యాను బిగించాం. ప్రయోగం వినడానికి తేలికే. బొమ్మని గాలికి ఎదురుగా వేలాడదీస్తే గాలి దాన్ని వెనక్కి నెడుతుంది. ఫ్యాను తిప్పి, అది కదలకుండా ఉన్నచోటే నిలబెట్టాలి. అలా నిలబెట్టడానికి ఎంత కరెంటు తాగిందో మీటరు ముల్లు చెబుతుంది. ఫ్యానుని బొమ్మకి పక్కగా బిగించిన ఒక కడ్డీ మీద, తాజా గాలిలో పెట్టి ఒకసారి చూడాలి. తోకకి బిగించి ఇంకోసారి చూడాలి. తోక దగ్గర పెట్టినప్పుడు ముల్లు తక్కువ చూపిస్తే నా మాట నిలబడినట్టు.

ఏర్పాటంతా కుదిరేసరికి దసరా వచ్చింది. ఆ రోజు బాబాయి షెడ్డులో అన్నిటికీ పూజ చేస్తారు. జగ్గయ్యపేట నుంచి అమ్మ, నాన్న వచ్చారు. మోటార్లకి, స్ప్రేయర్లకి, తూకం కాటాకి, బాబాయి స్కూటరుకి, అన్నిటికీ అమ్మ గంధం పెట్టి, దాని మీద కుంకుమ అద్దింది. నేను షెడ్డు వెనక వైర్లతో కుస్తీ పడుతున్నాను. తెల్లవారి చూసుకుంటే నా కొయ్యబొమ్మ మూతి చుట్టూ గంధం బొట్లు గట్టిపడి ఉన్నాయి. చిరాకు వేసింది. తుడిచేద్దామని గుడ్డ తీసుకుని మళ్లీ మానుకున్నాను. పూజ చేసినదాన్ని తుడిస్తే ఏమవుతుందోనని లోపల భయం. ఎంత సైన్సు చదివినా ఆ భయం నాకు పోలేదు.

అలాగే మొదలుపెట్టాను. కరెంటు కోత లేని పూటలు చూసుకుని, లారీల మోత మధ్య ఆ పెట్టె పక్కన కూర్చుని రీడింగులు తీశాను. తోక దగ్గర ఫ్యాను పెట్టినప్పుడు ముల్లు తక్కువే చూపించింది. నమ్మకం చాలక మళ్లీ తీశాను. మర్నాడు మళ్లీ తీశాను. ప్రతిసారీ తక్కువే. సంతోషపడలేకపోయాను. ఇంత తేలిగ్గా వచ్చిందంటే ఎక్కడో ఏదో తప్పు ఉండాలనిపించింది. అయినా ఎస్టీడీ బూత్‌కి వెళ్లి గైడు సార్‌కి ఫోన్ చేశాను. సార్ అంత సంతోషంగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. డిపార్ట్‌మెంట్ హెడ్‌తో ఆ పూటే చెప్పి కాలేజీ టన్నెల్ ఇప్పించారు.

కాలేజీకి తీసుకెళ్లేముందు ఆ బొమ్మని చూస్తే సిగ్గేసింది. కుంకుమ కారి, మూతి అంతా పండగ మర్నాటి గడపలా ఉంది. అలా సార్ ముందు, సీనియర్ల ముందు పెడితే ఊళ్లోంచి దేవుణ్ణి మోసుకొచ్చిందంటారు. మనసులో లెంపలేసుకుని, తడిగుడ్డతో కడిగి, ఉప్పుకాగితం పెట్టి నున్నగా రుద్ది, వార్నిష్ కొట్టించాను. అద్దంలా మెరిసింది. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని మెరుపు చూసుకుంటూ వెళ్లాను.

కాలేజీలో, సార్ ముందు, ఇద్దరు సీనియర్ల ముందు, అది పనిచెయ్యలేదు.

తోక దగ్గర ఫ్యాను పెడితే ముల్లు తగ్గకపోగా కొంచెం పైకే పోయింది. బ్యాటరీ మార్చాను, స్క్రూలు బిగించాను. మళ్లీ అంతే. చెమటకి నా వేళ్లు స్క్రూడ్రైవరు మీద జారిపోతున్నాయి. సీనియర్లు మర్యాదకి కిటికీ వైపు చూస్తున్నారు. సార్ టన్నెల్ ఆపించి, వాళ్లు బయటికి వెళ్లేదాకా ఆగి, మెల్లగా అడిగారు.

"రీడింగ్స్ మేనేజ్ చేశావా అమ్మా?"

మా కాలేజీలో ఆ మాటకి ఒకటే అర్థం. కావలసిన అంకె ముందే అనుకుని, దానికి తగ్గట్టు రీడింగులు రాసుకోవడం. లేదు సార్ అన్నాను. నాకే అబద్ధంలా వినిపించింది. బయట కాలేజీ నుంచి ఎగ్జామినర్ వచ్చే రివ్యూ ఒకటి ఉంటుందని, ఆ రోజు ఆయన ముందు చేసి చూపించమని సార్ చెప్పారు. అప్పుడూ రాకపోతే ఈ టాపిక్ వదిలేసి కొత్తది మొదలుపెట్టాలి, ఏడాది పోతుంది. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకొకటి ఉంది. మొదటి రీడింగుల గురించి హెడ్‌కి చెప్పింది సారే కాబట్టి, అవి నమ్మదగ్గవి కావని రాసివ్వాల్సింది కూడా ఆయనే. ఏడాది పోతే పోనీ, దొంగ రీడింగుల పిల్ల అన్న పేరు పడితే ఈ రంగంలో నన్ను ఇంకెవరు దగ్గరికి రానిస్తారు?

నందిగామ తిరిగొచ్చి షెడ్డులో పెట్టి చూశాను. అక్కడా రాలేదు. ఇదే పెట్టె, ఇదే ఫ్యాను, ఇదే మీటరు. దసరా తర్వాత కళ్లారా చూసిన తగ్గుదల ఇప్పుడు లేదు. అప్పుడు పట్టుకుంది నన్ను అసలు భయం. సార్ అన్నది నిజమేనేమో, తెలియకుండానే నాకు కావలసింది నేను చూశానేమో అనిపించడం మొదలైంది. మనిషి కళ్లు తనని తానే మోసం చేసుకోగలవని పుస్తకాల్లో చదివాను. నా కళ్లు మాత్రం ఎందుకు చెయ్యవు?

వోల్టేజీ మీద అనుమానపడ్డాను. పెద్ద ఫ్యాను వేగం మారుతోందేమోనని స్టెబిలైజరు తెప్పించాను. మోటారు బ్రష్‌లు అరిగాయేమోనని మార్చాను. స్ట్రాలు పక్కకి ఒరిగాయేమోనని ఊడదీసి మళ్లీ పేర్చాను. చలికాలం గాలి బరువని లెక్కలు వేశాను. ఏ ఒక్కటీ కారణం కాలేదు. అన్నం దగ్గర కూర్చుంటే ముల్లు కనిపించేది. బాబాయి నాకు వినపడకుండా నాన్నకి ఫోన్ చేసి పిల్ల చిక్కిపోయిందని చెప్పేవాడు, నాకు వినపడేది. అమ్మ ఒకసారి ఫోనులో దిష్టి తగిలిందేమో, ఎర్రనీళ్లు తిప్పి పోస్తానంటే విసుక్కుని పెట్టేశాను.

అది పత్తి సీజను. హైవే మీద పత్తి ట్రాక్టర్లు పోతుంటే దూది ఎగిరొచ్చి షెడ్డంతా వాలేది. ఒక మధ్యాహ్నం టన్నెల్ నడుస్తుండగా ఒక దూది పోగు వచ్చి బొమ్మ వెనక భాగాన, వార్నిష్‌కి అంటుకుంది. గాలి ముందు నుంచి వెనక్కి పోతోంది కాబట్టి ఆ పోగు కొస వెనక్కి తిరిగి ఉండాలి. అది ముందుకి తిరిగి కొట్టుకుంటోంది. నేను చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను. తర్వాత ఫ్యాను ఆపి, దూది పోగులు సన్నగా దువ్వి, జిగురుతో బొమ్మ పొడుగునా అంటించి మళ్లీ నడిపాను. ముందు భాగంలో పోగులన్నీ ఒంటికి అణిగి పడుకున్నాయి. వంపు తిరిగేచోట లేచి నిలబడ్డాయి. తోక దగ్గర దిక్కు తెలియక అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. గాలి పొర తోక దాకా రానే రావడం లేదు. మధ్యలోనే ఒంటిని వదిలేసి, ముద్దలు ముద్దలుగా విడిపోతోంది. ఫ్యాను తినాల్సిన ఎంగిలి గాలి ఫ్యాను దాకా చేరడమే లేదు.

అలా ఎందుకు వదిలేస్తుందో నేను చదువుకున్నదే. మరీ నున్నటి ఒంటి మీద ఆ పొర నిదానంగా, కలకలం లేకుండా జారుతుంది. వెనక వంపు రాగానే పట్టు తప్పుతుంది. ముందు భాగంలో కాస్త గరుకు తగిలితే పొరలో చిన్న చిన్న సుడులు పుట్టి, పక్కనున్న వేగమైన గాలిని లోపలికి కలుపుకుని, ఒంటిని అంటిపెట్టుకుని చివరిదాకా వస్తుంది. అందుకనే చిన్న నమూనాల మూతి దగ్గర కావాలని ఇసక రేణువులో, చుక్కలో అంటిస్తారు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న విషయమే. మరి దసరా తర్వాత నా బొమ్మ మూతి దగ్గర ఏ గరుకు ఉంది అని అనుకునేసరికి గంధం బొట్లు గుర్తొచ్చాయి. నేనే కడిగి, నేనే రుద్ది, నేనే వార్నిష్ కొట్టించాను.

షెడ్డు ఫోనులోంచి అమ్మకి చేశాను. ఆ రోజు బొట్లు ఎక్కడెక్కడ పెట్టావని అడిగాను. వెంటనే బస్సుకి వస్తున్నానని మాత్రం చెప్పి పెట్టేసింది. వచ్చేటప్పుడు గంధం చెక్క, సాన కూడా సంచిలో తెచ్చుకుంది. షెడ్డులోకి వస్తూనే నా ముఖం వంక చూడకుండా మొదలుపెట్టింది.

"నాకు అప్పట్నుంచీ అనుమానంగానే ఉందే. మంచిదని పెట్టా. కాటాకి ముఖముంది, స్కూటరుకి ముఖముంది, మోటారుకీ ముందూ వెనకా ఉంది. దీనికి ముఖం ఎటుందో తెలీలా. ఒకవైపు పెట్టి ఒకవైపు వదిలేస్తే ఎట్లా అని చుట్టూ పెట్టా. అందుకే చెడిపోయిందా?"

చెడిపోలేదని, అప్పుడు పనిచేసింది ఆ బొట్ల వల్లేనని చెప్పాను. గుండ్రంగా ఒకే వరసలో పడబట్టే గాలి అన్నివైపులా ఒకేలా అంటుకుందని, తెలిసి పెట్టినా అంత బాగా కుదరదని చెప్పాను. అమ్మ నమ్మలేదు. తనని ఊరడించడానికి అంటున్నాననుకుంది. సరే మళ్లీ అలాగే పెట్టమన్నాను. అమ్మ కింద కూర్చుని గంధం చిక్కగా అరగదీసి, ఉంగరం వేలితో మూతి చుట్టూ వరసగా పెట్టి కుంకుమ అద్దింది. ఆరాక టన్నెల్ నడిపాను. ముల్లు తగ్గింది. బాబాయి వెనక నుంచి చూసి గట్టిగా ఊపిరి వదిలాడు. నేను అమ్మని పట్టుకుని ఏడ్చేశాను.

అమ్మకి మాత్రం అది ఇంకోలా అర్థమైంది.

"అయితే ఇప్పుడు బొట్లు లేందే పనిచెయ్యదా? లేనిపోని అలవాటు చేసి పెట్టానే దానికి" అని తల పట్టుకుంది. ఎంత చెప్పినా ఆ బాధ పోలేదు.

దారి తెలిసింది గానీ భయం పోలేదు, రూపం మార్చుకుందంతే. ఇసక అంటించి, పుస్తకంలో ఉన్నట్టు గరుకు చుక్కలు పెట్టానని చెబితే రివ్యూ గడిచిపోతుంది. అడిగినదానికి చెప్పు చాలు, అడగనిది ఎందుకు అని నాన్న అన్నాడు, అది వ్యాపారస్తుడి మాట. కానీ పోయినసారి ఎందుకు పెట్టలేదని సార్ అడిగి తీరతారు. దానికి నా దగ్గరున్న జవాబు నిజం ఒక్కటే. ఆ నిజం వింటుంటే అప్పటికప్పుడు అల్లిన కథలా ఉంటుంది. దొంగ రీడింగులు రాసిందన్న అనుమానం మీద ఉన్న పిల్ల, అమ్మ పెట్టిన బొట్లు కడిగేశాను కాబట్టి రాలేదండీ అంటే ఎవరు నమ్ముతారు? అద్దం ముందు ఆ వాక్యం అని చూసుకున్నాను. నేనే నమ్మలేదు.

ఇసక జోలికి మాత్రం వెళ్లలేదు. మొదటి రీడింగులు గంధంతో వచ్చాయి, మళ్లీ గంధంతోనే రావాలి, ఒక్క మార్పు కూడా చెయ్యను అనుకున్నాను. ఆరిన గంధం ప్రయాణంలో రాలుతుంది కాబట్టి అక్కడికి వెళ్లాకే పెట్టాలి, అమ్మే పెట్టాలి. అమ్మ వస్తానంది గానీ, తన ఊసు అక్కడ ఎత్తొద్దని ముందే మాట అడిగింది. ఆ మాట మాత్రం నేనివ్వలేదు.

ముందురోజే బొమ్మతో ఇంటికి వెళ్లి, రివ్యూ రోజు జగ్గయ్యపేట నుంచి పొద్దున్నే బస్సెక్కాం. బొమ్మ పాత చీరలో చుట్టి నా ఒళ్లో ఉంది, సాన అమ్మ ఒళ్లో ఉంది. సూర్యాపేటలో బస్సు ఆగితే అందరూ టీలకి దిగారు, మేమిద్దరం కదల్లేదు. కాలేజీలో ల్యాబ్ బయట కుళాయి దగ్గర అమ్మ చతికిలబడి గంధం తీస్తుంటే పిల్లలు ఆగి ఆగి చూస్తూ పోయారు. ఒకప్పుడైతే నేల చీలితే బాగుండుననుకునేదాన్ని. ఆ రోజు సిగ్గుపడటానికి కూడా నాలో ఖాళీ లేదు. బొట్లు ఆరేదాకా ఊదుతూ కూర్చుని, అమ్మని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికి వెళ్లాను.

ఎగ్జామినర్ పెద్దాయన, నిదానస్తుడు. ముందు ఫ్యాను పక్కన పెట్టి చూపించాను. తర్వాత తోకకి బిగించాను. ముల్లు దిగింది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ చెయ్యమన్నారు. మళ్లీ దిగింది. బాగుందన్నారు. నేను మీటరు తీగలు విప్పబోతుండగా సార్ బొమ్మ దగ్గరికి వంగి చూశారు.

"ఈ చుక్కలు పోయినసారి లేవు కదా?"

గాలి పొర విడిపోకుండా పెట్టాం సార్ అన్నాను. అది తెలిసినదానివి పోయినసారి ఎందుకు పెట్టలేదని అడిగారు, నేను అనుకున్నట్టే. గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. దసరా, అమ్మ, గంధం, తడిగుడ్డ, ఉప్పుకాగితం, దూది పోగు, అన్నీ. ఎంగిలి గాలి అని కూడా అనేసి నాలుక కరుచుకున్నాను. చెబుతుంటే ఏడుపు వచ్చేసింది. ఎగ్జామినర్ తల పంకించారు గానీ ఏమనుకున్నారో తెలియలేదు. సార్ ముఖంలో మాత్రం నమ్మకం లేదు.

"పోయినసారి రీడింగ్స్, ఇప్పుడు కథ" అన్నారు మెల్లగా, బాధగానే.

ఆ అమ్మగారు ఎక్కడున్నారని ఎగ్జామినర్ అడిగారు. బయటే ఉందన్నాను. పిలవమన్నారు.

అమ్మ ల్యాబ్ గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. ఇద్దరు పెద్దమనుషులు నిలబడి ఉన్నారు, నేను కళ్లు తుడుచుకుంటున్నాను, బొమ్మ బల్ల మీద ఉంది. ఎవరూ ఏమీ అడగకముందే చేతులు జోడించింది.

"మా అమ్మాయి తప్పేం లేదండి. దసరాకి దాన్ని అడక్కుండా నేనే బొట్లు పెట్టా. ముఖం ఎటుందో తెలీక చుట్టూ పెట్టేసా. అది పాపం శుభ్రంగా కడుక్కునే తెచ్చుకుంది మీ దగ్గరికి. అయినా ఆ అలవాటు పోలేదు ఈ బొమ్మకి. అనేదేదైనా ఉంటే నన్ననండి సార్, దాన్నేం అనొద్దు."

సార్, ఎగ్జామినర్ ఇద్దరూ బొమ్మ వంక తిరిగి చూశారు. ఆ చూపు కోపమే అనుకుంది అమ్మ. పక్కనున్న గ్లాసులో కొంగు కొస ముంచి, తుడిచేస్తానండి అంటూ బొమ్మ మీదికి వంగింది. నేను నోరు తెరిచేలోపు సార్ ఒక్క అంగలో వచ్చి, కొంగుకీ కొయ్యకీ మధ్య తన చెయ్యి అడ్డం పెట్టారు. ఆయన చేతికి తడి కొంగు తగిలి, అంచున ఉన్న కుంకుమ వేళ్లకి అంటింది.

"వద్దమ్మా, ముట్టుకోకండి. వాటిని అలాగే ఉండనివ్వండి" అన్నారు. చెయ్యి వెనక్కి తీసుకోకుండానే నా వైపు తిరిగి, "అమ్మగారికి కుర్చీ వెయ్యమ్మా. నీ మొదటి రీడింగ్స్ కూడా బయటికి తియ్యి, పక్కపక్కన పెట్టి చూద్దాం" అన్నారు.